నేనెవడను? – భక్తస్థల విచారము

శ్రావణమాసమున మా గ్రామ మఠములో ప్రతి సోమవారము రాత్రి శివానుభవగోష్ఠి జరుగును. పురాణ పఠనము ముగిసి మంగళహారతి యైన పిమ్మట పిన్నలు పెద్దలు తమకు తోచిన సందేహముల నడుగుట, ఎరిగినవారు సమాధానము చెప్పుట అచటి వాడుక. ఈ సంవత్సరము మూడవ సోమవారమున పదునేడేండ్ల కుర్రవాడొకడు లేచి నన్నడిగిన ప్రశ్నయే ఈ పాఠమునకు కారణము.

“మాస్టారూ, కాలేజీ ఫారంలో వీరశైవుణ్ణని రాశాను. లింగం మాత్రం మా అమ్మ బీరువాలో ఉంది. నేను రాసింది అబద్ధమా?”

సభలో కొందరు నవ్విరి. అతని తల్లి తల వంచుకొనెను. స్వామివారు మాత్రము నవ్వలేదు. నావైపు చూచి, “పండితులవారు చెప్పాలి” అనిరి. ఆ రాత్రి నేను చెప్పిన సమాధానము నాకే తృప్తి నీయలేదు. లింగధారణ మహిమను గూర్చి నాలుగు మాటలు చెప్పి కూర్చుంటిని. కుర్రవాడు అడిగినది మహిమను గూర్చి కాదు. మన యిండ్లలో అనేకుల మనస్సున ఈ ప్రశ్నయే పైకి రాక మెదలుచున్నది గనుక, తీరికగా ఆలోచించి వ్రాయుచున్నాను.

మానవుడు తానెవడో చెప్పుకొనవలసి వచ్చినపుడు మొదట వంశమును చూపును. తరువాత ఊరిని, వృత్తిని చూపును. ఇవి యేవియు అతడు కోరి తెచ్చుకొన్నవి కావు. తాత విడిచిన పొలము వలె అతనికి సంక్రమించినవి. 12వ శతాబ్దమున బసవేశ్వరుడు ఈ క్రమమును తలక్రిందులు చేసెను. బాగేవాడి ప్రాంతమున మాదిరాజు మాదాంబలకు పుత్రుడై పుట్టి, ఉపనయన సమయమున తాను శివభక్తుడనని, వేరొక సంస్కారము తనకు వలదని తండ్రితో వాదించి యిల్లు వెడలిన కథ పాల్కురికి సోమనాథుని బసవపురాణము వినువారికందరకును తెలిసినదే. మనము దానిని బాలుని మహిమగా చెప్పుకొని ఊరకుందుము. అందు గమనింపదగినది మరియొకటి కలదు. ఒక సంస్కారమును కాదనుట ఒకనాటి పని. కాదన్న పిదప తన చుట్టములెవ్వరో తానే నిర్ణయించుకొనవలసి వచ్చును. అది యావజ్జీవము చేయవలసిన పని. బిజ్జలుని కొలువున దండనాయకుడై భండారమునకు అధికారియై యుండియు, బసవన్న తన వచనములలో మాదార చెన్నయ్యను, డోహర కక్కయ్యను తన యింటి పెద్దలుగా చెప్పుకొనెను. ఆ యిద్దరును తోలుపని చేయు కులములలో పుట్టినవారు. కొలువులో పదుగురు వినుచుండగా మంత్రి యొకడు ఈ మాట చెప్పుకొనవలెనన్నచో, అతని విశ్వాసము నాలుక దాటి నెత్తురులోనికి దిగి యుండవలెను.

ఇక దీక్షను గూర్చి. గురువు శిష్యునకు చేయు దీక్ష మూడు విధములని మనవారు చెప్పుదురు. క్రియాదీక్షచే స్థూలశరీరమునకు ఇష్టలింగము, మంత్రదీక్షచే సూక్ష్మశరీరమునకు ప్రాణలింగము, వేధాదీక్షచే కారణశరీరమునకు భావలింగము సిద్ధించును. చేతికి తగులునది, కంటికి కనబడునది ఇష్టలింగ మొక్కటియే. తక్కిన రెండును లోపలివి. కాబట్టి ఇష్టలింగము బీరువాలో నున్నప్పుడు కొందరు, “లోపల ప్రాణలింగం ఉంది కదా, పైది లేకపోతే ఏం?” అందురు. వినుటకు ఇంపుగా నుండు మాట. ఈ మాట చెప్పినవారిలో లోపలిదానిని నిజముగా ఎరిగినవారిని నేనింతవరకు చూడలేదు. నేనును ఒకప్పుడు ఈ మాటనే చెప్పినవాడను.

ముప్పది యేండ్ల క్రిందట పండిత శిక్షణకై పట్టణములో చేరితిని. హాస్టలులో ఉదయమున అందరును ఆరుబయట కుళాయి యొద్ద స్నానము చేయువారము. మొదటి దినముననే ఒకడు నా మెడలోని లింగకాయను చూచి ఇదేమని అడిగెను. అతడు ఎగతాళిగా అడుగలేదు, తెలియక అడిగెను. నేను మాత్రము సిగ్గుపడితిని. మరునాడు లింగమును వస్త్రమున చుట్టి ట్రంకుపెట్టెలో పుస్తకముల అడుగున నుంచితిని. ఎవ్వరును నన్ను బాధింపలేదు, ఎవ్వరును నిషేధింపలేదు. వారి యందొకడుగా కనబడవలెనను కోరిక యొక్కటియే ఆ పని చేయించినది. నేనప్పుడు కాగితములందు వీరశైవుడనే. పరీక్షలో పాల్కురికి సోమనాథుని గూర్చిన ప్రశ్నకు అందరికంటె ఎక్కువ మార్కులు తెచ్చుకొన్నవాడనే.

సెలవులకు ఇంటికి పోయితిని. మా నాయనగారు లింగపూజ కానిదే మంచినీళ్లు ముట్టనివారు. ఆ మధ్యాహ్నము తమ పూజ ముగించుకొని, నా కొరకు రెండవ పీట వేయించి, విభూతిపండు, నీళ్లచెంబు ప్రక్కన పెట్టించి, భోజనమునకు కూర్చుండక వేచియుండిరి. నన్నొక్క మాటయు అడుగలేదు. అన్నము చల్లారిపోయినది. చివరకు నేను లేచి పెట్టె తెరచితిని.

అప్పటినుండి లింగము మెడలోనే యున్నది. కాని పాఠకులు దీనిని మారుమనస్సు కథగా తలపవలదు. ఆ దినమున నేను లింగమును ధరించినది తండ్రికొరకు. అంతకు ముందు తీసివేసినది స్నేహితుల కొరకు. రెండు పనులును పరుల కంటి యెదుట నేనెట్లుందునను ఆలోచనతో చేసినవే. నేనెవడనను ప్రశ్నకు నా జవాబు అప్పటికింకను రాలేదు. అది కొన్ని సంవత్సరములకు, పూజ చేయుచు చేయుచు, ఏ దినమని చెప్పరాని విధముగా కొంత కొంత వచ్చినది. ఇప్పటికిని పూర్తిగా వచ్చినదని చెప్పుకొనను.

ఈ కొంత కొంత వచ్చుటకే మన పెద్దలు స్థలములని పేరు పెట్టిరి. భక్తుడు, మాహేశ్వరుడు, ప్రసాది, ప్రాణలింగి, శరణుడు, ఐక్యుడు అను ఆరును ఆరుగురు మనుష్యులు కారు. ఒక్క సాధకునకే లోపలి మార్పును బట్టి వచ్చు ఆరు పేర్లు. పుట్టినపుడు పెట్టిన పేరు చచ్చునంతవరకు మారదు. ఈ పేర్లు మారవలసినవి. ఒక్కొక్క స్థలమునకు ఒక్కొక్క భక్తి చెప్పబడినది: భక్తునకు శ్రద్ధ, మాహేశ్వరునకు నిష్ఠ, ప్రసాదికి అవధానము, ప్రాణలింగికి అనుభవము, శరణునకు ఆనందము, ఐక్యునకు సమరసము. శివయోగి శివాచార్యుల సిద్ధాంతశిఖామణిలో ఇవి 101 స్థలములుగా విస్తరింపబడినవి. పాఠశాలలలో వీనిని మేడమెట్ల వలె బోధింతురు. నేనును అట్లే బోధించితిని. ఇప్పుడది సరికాదని తోచుచున్నది. మెట్టు ఎక్కినవాడు క్రింది మెట్టును విడిచిపెట్టును. మాహేశ్వరుడు శ్రద్ధను విడిచినచో వాని నిష్ఠ వట్టి మొండితనమగును. ఒక్కొక్క స్థలమునందును తక్కిన స్థలములు ఇమిడియుండునని పెద్దలు చెప్పుటలోని రహస్యమిదియే. విత్తునందు చెట్టున్నట్లు భక్తునియందే ఐక్యుడు కలడు.

మనబోటి గృహస్థులు ఎక్కువగా నిలుచునది మొదటి రెండు మూడు స్థలములలోనే గనుక ఆపైవానిని గూర్చి వ్రాయుటకు సాహసింపను. భక్తస్థలమున సంకల్పము ఎట్లు మనిషిని మార్చునో, ఎట్లు చెరచునో తెలిసికొనుటకు ఆయ్దక్కి మారయ్య లక్కమ్మల వృత్తాంతము కంటె మంచి పాఠము వేరొకటి నాకు కనబడదు.

ఈ దంపతులు నేటి రాయచూరు జిల్లాలోని అమరేశ్వర క్షేత్రమునుండి కల్యాణమునకు వచ్చినవారు. బసవన్న మహామనె ముంగిట నేలరాలిన బియ్యపుగింజలను ఏరి తెచ్చి, దానితో జంగమ దాసోహము జరుపుట మారయ్య కాయకము. ఆయ్దక్కి యనగా కన్నడమున ఏరిన బియ్యము. కల్యాణమున దానికంటె చిన్నపని యుండదు. ఒకనాడు మారయ్య అల్లమప్రభువుతో లింగైక్యమును గూర్చిన సంభాషణలో మునిగి కాలమును మరచెను. లక్కమ్మ వచ్చి, కాయకము నిలిచిపోయినదని, వెంటనే పొమ్మని భర్తకు గుర్తుచేసెను. అల్లముని వంటి జ్ఞానితో మాటలాడుచున్న భర్తను బియ్యమేరుటకు లేపిన ఇల్లాలు! మారయ్య పరుగున పోయి బియ్యము తెచ్చెను. ఆ దినము తెచ్చినది నిత్యము తెచ్చుదానికంటె ఎక్కువ. లక్కమ్మ దానిని ముట్టలేదు. ఈ యాశ మీకు ఎక్కడిది, ఆశ రాజులకుండవచ్చును గాని శివభక్తులకు తగునా యని మందలించి, మనకు చాలినంత యుంచి తక్కినది తెచ్చిన చోటనే పోసి రమ్మని పంపెను. ఇది సంప్రదాయమున చెప్పుకొను కథ.

ఈ కథను చెప్పునపుడు మనవారు లక్కమ్మ నిరాశను పొగడి విడిచిపెట్టుదురు. మారయ్య పక్షమున కొంచెము ఆలోచింపుడు. అతడు ఆ బియ్యమును అమ్ముకొనుటకు తేలేదు. ఎక్కువ బియ్యమైన ఎక్కువమంది జంగములు భుజింతురు. అతని సంకల్పము మంచిదే. మరి లక్కమ్మకు అందులో ఏమి దోషము కనబడినది? నాకు తోచినది చెప్పెదను. ప్రతిదినము తన శ్రమకు తగినంత తెచ్చి, దానిని ఆ దినమే శివార్పణము చేయువాడు ఒకడు. రేపటికని నిలువ చేయువాడు మరియొకడు. చేతులు అవే, గింజలు అవే, లోపలివాడు మాత్రము వేరు. మొదటివానికి రేపు అనునది శివుని చేతిలో నున్నది. రెండవవానికి అది తన మూటలో నున్నది. మూట పెరిగినకొలది వాని నమ్మకము శివునినుండి మూటకు జారును. ఆ జారుట వానికి తెలియదు. నోట మాత్రము పూర్వమువలెనే శివనామము పలుకుచుండును. భర్త పేరు మారకుండగనే మనిషి మారిపోవుటను లక్కమ్మ ఒక్క దినపు బియ్యమునందు కనిపెట్టినది.

నా సంగతియే చెప్పెదను. కొన్నేండ్ల క్రిందట మఠమున దాసోహమునకు నెలనెలా కొంత సొమ్ము ఇయ్యవలెనని సంకల్పించి సాయంకాలము ట్యూషన్లు మొదలుపెట్టితిని. మొదటి సంవత్సరము అట్లే ఇచ్చితిని. మూడవ సంవత్సరమున దీపావళికి లెక్కపుస్తకము తిరగవేయుచు చూచితిని గదా, ట్యూషను రాబడి రెండింతలైనది. మఠమునకు ఇచ్చునది మొదటి నెలలో ఎంత యుండెనో అంతయే యున్నది. అబద్ధమాడలేదు, మాట తప్పలేదు. కాని ఆ పిల్లలకు చదువు చెప్పువాడు దాసోహి కాడు, మరియెవడో. తరగతిలో బాగుగా చెప్పవలసిన సంధిసూత్రములను సాయంకాలమునకు దాచుకొనుటకు కూడ అతడు మొదలుపెట్టియుండెను. ఈ సంగతి వ్రాయుటకు చేయి సంకోచించుచున్నది. ట్యూషన్లు మానితిని.

మాహేశ్వరస్థలమును గూర్చి ఒక మాట చెప్పక తప్పదు. అచట నిష్ఠ ప్రధానము. విశ్వాసము గట్టిపడి వ్రతమగును. మన కుటుంబములలో ఈ నిష్ఠ తరచుగా ఎదుటివాని మీదికి పోవుచుండును. పొరుగింటివాడు విభూతి ధరింపలేదని, కోడలు పూజకు ఆలస్యము చేసినదని, ఆ కుర్రవాని తల్లి లింగమును బీరువాలో పెట్టినదని వేలు చూపుటయే నిష్ఠ యనుకొందుము. మోళిగె మారయ్య కథ చూడుడు. ఆయన కాశ్మీర దేశమును ఏలినవాడని, ఆ రాజ్యమును విడిచి భార్య మహాదేవమ్మతో కల్యాణమునకు వచ్చి కట్టెలమోపులు అమ్మి దాసోహము చేసెనని సంప్రదాయము. బసవన్న మారువేషమున వారి యింట అంబలి త్రాగి, వారి పేదరికమునకు జాలిపడి రహస్యముగా బంగారు నాణెముల నుంచి వెళ్లినపుడు, ఆ దంపతులు దానిని ముట్టక జంగములకు పంచివేసిరి. రాజుగా నుండి విడిచినదానిని కట్టెలవాడై మరల గ్రహింపడు గదా! నిష్ఠయనగా అది. ఆయన తన సంకల్పమును తనమీదనే ప్రయోగించుకొనెను.

అందరును రాజ్యము విడువగలవారు కారు. అందులకు మన తెలుగుదేశముననే సాక్ష్యమున్నది. శ్రీపతి పండితుడు, శివలెంక మంచన, మల్లికార్జున పండితారాధ్యుడు అను ముగ్గురను పండితత్రయమని పిలుతుము. వారిలో మల్లికార్జున పండితుడు బసవేశ్వరునకు సమకాలికుడు. భక్తియందలి ప్రేమయు, పుట్టిన బ్రాహ్మణ్యముతోడి పొత్తును – ఈ రెంటిలో దేనిని విడువలేకున్నానని ఆయన బసవన్నను తలచుకొని చెప్పుకొన్నట్లు ప్రసిద్ధి. కల్యాణమునకు పోవలెనని బయలుదేరి, త్రోవలోనే బసవన్న లింగైక్యుడైన వార్త విని దుఃఖించినట్లు సోమనాథుడు పండితారాధ్యచరిత్రలో వర్ణించెను. జందెమును లింగమును రెంటిని ధరించు ఆరాధ్య సంప్రదాయము ఆంధ్రమున నేటికిని నిలిచియున్నది. వాదము చేయువారు దీనిని కొరత యందురు. నేనట్లనుకొనను. తనలో విడిపోనిదేదో దానిని దాచక చెప్పుకొన్న పండితునియందు, అన్నిటిని విడిచితినని ప్రకటించి పెట్టెలో దాచుకొన్నవానికంటె ఎక్కువ సత్యము కలదు. మారుటకు మొదట తానున్న చోటు తెలియవలెను.

ఆ పండితుని చరిత్ర వ్రాసిన సోమనాథుడో, మరియొక త్రోవ పట్టెను. సంస్కృతమున దిట్టయై యుండియు, జనులకు శివభక్తి చేరవలెనను లక్ష్యమునకై ద్విపదను, జాను తెనుగును ఎన్నుకొనెను. మార్గకవులలో ఒకడుగా నిలువదగినవాడు దేశికవిగా మారుటకు ఆ లక్ష్యమే కారణము. బసవపురాణము 1369 లో భీమకవి చేతిలో కన్నడమునకు పోయినది. అంతకు ముందు తరములలో కన్నడనాట పుట్టిన కథ తెలుగై, మరల కన్నడమైనది. తెలుగు పండితుడనైన నాకిది చెప్పుకొనుటకు ఇష్టమైన సంగతి గనుక చెప్పితిని. ఇక విషయమునకు వత్తము.

నాలుగవ సోమవారము నాడు ఆ కుర్రవానిని గోష్ఠికి ముందే మఠపు అరుగు మీద కలిసికొంటిని. పైన చెప్పిన హాస్టలు కథను అతనికి మొదట చెప్పితిని. అటుపిమ్మట ఇట్లంటిని:

“నువ్వు రాసింది అబద్ధం కాదు నాయనా. అది నోటు రాసిచ్చినట్టు. నోటు రాసినవాడు అబద్ధమాడినట్టు కాదు. కాని తీర్చేదాకా అది అప్పే.”

“తీర్చకపోతే?” అనెను.

“వడ్డీ పెరుగుతుంది. నాకు పెరిగింది.”

అతడు కొంతసేపు ఊరకుండి, తల్లి లింగమును దాచినది అశ్రద్ధచేత కాదని, చిన్ననాడు తాను ఆటలలో పోగొట్టునేమోయని భయపడి తీసి భద్రపరచెనని, తరువాత ఎవ్వరును దానిని గూర్చి తలపలేదని చెప్పెను. తల్లిని నలుగురిలో నవ్వులపాలు చేసితినని బాధపడెను. ఆ బాధను చూచి నాకు సంతోషమైనది. మాహేశ్వరునకు కావలసిన మెత్తదనము కొంత అప్పుడే అతనియందున్నది.

పౌర్ణమి వెళ్లిన మూడవనాడు ఉదయమున తల్లియు కొడుకును మఠమునకు వచ్చిరి. ఆమె చేత వెండి లింగకాయ, పసుపు పట్టిన చిన్న పట్టుగుడ్డలో చుట్టియున్నది. స్వామివారు గుడ్డ విప్పి చూడగా, శివదారము పసివాని మెడ కొలతకు కట్టినది. ఇప్పటి మెడకు సగమైనను రాలేదు. స్వామివారు లోపలినుండి క్రొత్త దారము తెప్పించి, అతని మెడచుట్టు త్రిప్పి గుండె వరకు కొలిచి, తామే ముడివేసిరి.

“ఎవరి కోసం కట్టుకుంటున్నావురా?” అని అడిగిరి.

“ఇంకా తెలీదు స్వామీ” అనెను కుర్రవాడు.

స్వామివారు ఆ మాటకు కోపింపలేదు. అతనిని ఎదురుగా కూర్చుండబెట్టి, ఎడమ అరచేతిని గుండెయెత్తున ఎట్లు నిలుపవలెనో, లింగమును అందు ఎట్లుంచవలెనో, రెప్ప వాల్చక ఎట్లు చూడవలెనో నేర్పిరి. మొదట చేయి వణకినది. రెండు పర్యాయములు దృష్టి గుమ్మమువైపు మరలినది. మూడవ పర్యాయము నిలిచినది. తల్లి స్తంభమునకు ఆనుకొని చూచుచుండెను. ఆ దినము అతడు కాలేజీకి పోవు బస్సును తప్పించుకొని, తరువాతి బస్సుకు పోయెను.